చేయమనేది ఒకరు, బిల్లు కట్టేది ఇంకొకరు: అమెరికా కౌంటీల చిక్కుముడి

ఆష్‌బర్న్‌కి మేయర్ లేడు. వర్జీనియాలో మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ప్రాంతం అది. అయినా దానికి మున్సిపాలిటీ లేదు, సిటీ కౌన్సిల్ లేదు. ఆష్‌బర్న్ అన్న పేరు చిరునామా రాసుకోవడానికి పనికొస్తుందంతే. జనవరిలో ఇంటి విలువ ఎంతో చెబుతూ ఉత్తరం వచ్చినప్పుడు, అక్కడ ఉంటున్న మా అన్నయ్య కొడుకు ఫోన్ చేసి, "ఇది సిటీ పంపిందా, స్టేట్ పంపిందా బాబాయ్?" అని అడిగాడు. రెండూ కాదు. పంపింది లౌడన్ కౌంటీ. పిల్లల బడికి డబ్బిచ్చేది, పక్కన డేటా సెంటర్ కట్టొచ్చో లేదో తేల్చేది, అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చే పోలీసు అధికారి షెరిఫ్ జీతానికి పద్దు రాసేది కూడా కౌంటీయే.

అమెరికా రాజకీయాలంటే మనకు వైట్‌హౌస్, కాంగ్రెస్, వీసాలు గుర్తొస్తాయి. ఇంటి గడప దాటగానే తగిలే ప్రభుత్వం గురించి మాత్రం చాలా కాలంగా అక్కడున్నవాళ్లకు కూడా స్పష్టంగా తెలియదు. కొన్నేళ్లుగా ఆస్తిపన్ను పరిమితులు, డేటా సెంటర్లు, 2025లో వచ్చిన ఫెడరల్ (కేంద్ర) చట్టం అన్నీ కలిసి ఆ ప్రభుత్వం మీదే పడుతున్నాయి. అందుకే మొదటినుంచీ విడమరిచి చెప్పుకుందాం.

## కౌంటీ అంటే మన జిల్లా లాంటిదేనా?

సగం వరకే. పటం మీద చూస్తే జిల్లాలాగే ఉంటుంది, నడిచే తీరు వేరు. మన జిల్లాలో కలెక్టర్‌ని రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది, జిల్లా పరిషత్‌ను ప్రజలు ఎన్నుకుంటారు. పెత్తనం ఎక్కువగా కలెక్టరుదే. కౌంటీలో పైనుంచి వచ్చే కలెక్టర్ ఉండడు. ఎన్నికైన బోర్డే పెద్ద. రోజువారీ పనికి చాలాచోట్ల ఆ బోర్డే ఒక అడ్మినిస్ట్రేటర్‌ని జీతానికి పెట్టుకుంటుంది.

ఇంకో పెద్ద తేడా డబ్బు. మన జిల్లా పరిషత్తుకు సొంత ఆదాయం స్వల్పం, ఎక్కువగా గ్రాంట్ల మీదే బతుకుతుంది. కౌంటీ సొంతంగా ఆస్తిపన్ను వేస్తుంది, వసూలు చేస్తుంది. దాని బలం అదే, తలనొప్పీ అదే.

దేశంలో మూడు వేలకు పైగా కౌంటీ ప్రభుత్వాలున్నాయి. ఒక్క టెక్సాస్‌లోనే 254. డెలావేర్‌లో మూడే. కనెటికట్ 1960లో కౌంటీ ప్రభుత్వాలనే ఎత్తేసింది. లూసియానాలో వీటిని ప్యారిష్‌లంటారు, అలాస్కాలో బరోలంటారు. 2020 జనాభా లెక్కల్లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో కోటి మందికి పైగా తేలితే, టెక్సాస్‌లోని లవింగ్ కౌంటీలో 64 మంది తేలారు. పేరు ఒకటే, చట్టం దృష్టిలో హోదా ఒకటే. మా వీధి చివరి అపార్ట్‌మెంట్‌లో అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

పేర్లు కూడా గందరగోళంగా ఉంటాయి. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండేవాళ్లు తమ ఇల్లు ఎటువైపు ఉందన్నదాన్ని బట్టి కాలిన్ కౌంటీలోనో డెంటన్ కౌంటీలోనో ఉంటారు. అక్కడి పాలకమండలి పేరు కమిషనర్స్ కోర్టు, దాని అధ్యక్షుడి పేరు కౌంటీ జడ్జి. పేరు విని న్యాయస్థానం అనుకుంటాం. నిజానికి నలుగురు కమిషనర్లు, ఒక జడ్జి కూర్చుని బడ్జెట్, రోడ్లు, జైలు గురించి నిర్ణయించే సభ అది. ఆ జడ్జి లాయరై ఉండాల్సిన పని కూడా లేదు. న్యూజెర్సీలో కౌంటీ సభ్యుల్ని 2020 దాకా ఫ్రీహోల్డర్లు అనేవారు. సొంత భూమి ఉన్నవాడే పదవికి అర్హుడన్న కాలంనాటి మాట అది. 2021 జనవరి నుంచి వాళ్లను కమిషనర్లు అంటున్నారు.

షెరిఫ్ సంగతి చూడండి. చాలా రాష్ట్రాల్లో షెరిఫ్‌ని జనమే నేరుగా ఎన్నుకుంటారు. వర్జీనియా కౌంటీల్లో షెరిఫ్‌తో పాటు ట్రెజరర్, పన్ను లెక్కల అధికారి, ప్రాసిక్యూటర్, కోర్టు క్లర్క్ కూడా విడివిడిగా ఎన్నికవుతారు. అంటే బోర్డు వాళ్లకు డబ్బు కేటాయిస్తుంది గానీ "ఇలా చెయ్" అని ఆజ్ఞాపించలేదు. ఒకే ఇంట్లో ఆరు పొయ్యిలు పెట్టినట్టు ఉంటుంది వ్యవహారం.

## కమిటీలో ఏం జరుగుతుంది?

మన జిల్లా పరిషత్తులకు చట్టం ప్రకారం ఏడు స్థాయీ సంఘాలుంటాయి: ప్రణాళిక-ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య-వైద్యం, స్త్రీ సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు. కౌంటీ కమిటీలను అర్థం చేసుకోవడానికి ఇది మంచి మెట్టు. కాకపోతే కౌంటీల్లో సంఖ్య ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. లౌడన్ బోర్డులో తొమ్మిదిమంది సూపర్‌వైజర్లున్నారు. బోర్డుకు ముఖ్యమైన స్థాయీ సంఘాలు రెండు. ఒకటి ఆర్థిక, పాలనా వ్యవహారాలు, ఆర్థికాభివృద్ధి చూసేది. రెండోది రవాణా, భూ వినియోగం చూసేది. టెక్సాస్‌లో ఉన్నదే ఐదుగురు కాబట్టి చాలా పనులు నేరుగా సభకే వస్తాయి.

చివరి ఓటు కమిటీది కాదు, బోర్డుది. కానీ పని అసలు రూపం కమిటీలోనే తేలుతుంది. సిబ్బంది నివేదిక తెస్తారు. మూడు నాలుగు ప్రత్యామ్నాయాలు పెడతారు. వాటిలో రెండింటిని కమిటీ పక్కన పెట్టేస్తే, బోర్డు ముందుకు వచ్చేది మిగిలినవే. బోర్డు సమావేశం రోజు హాలు నిండా జనం వచ్చి మాట్లాడతారు. అప్పటికే దారి సగం ఖరారై ఉంటుంది. కమిటీ రోజున అదే హాల్లో ఖాళీ కుర్చీలుంటాయి.

ఎన్నికైనవాళ్ల కమిటీలు కాక పౌరుల సంఘాలు కూడా ఉంటాయి. ప్లానింగ్ కమిషన్ అలాంటిదే. సూపర్‌వైజర్లు నియమించిన పౌరులు అందులో కూర్చుని భూమి వాడకం మార్పుల మీద సిఫార్సు చేస్తారు. సిఫార్సుకి బోర్డు కట్టుబడక్కర్లేదు. అయితే ఆ మెట్టుని దాటేయడానికి వీల్లేదు.

పద్ధతి తప్పితే ఏమవుతుందో చూడ్డానికి లౌడన్ పక్కనే ఉన్న ప్రిన్స్ విలియం కౌంటీ చాలు. అమెరికా అంతర్యుద్ధం నాటి మనస్సాస్ యుద్ధభూమి పక్కన భారీ డేటా సెంటర్ల సముదాయానికి 2023 డిసెంబరులో అక్కడి బోర్డు అనుమతి ఇచ్చింది. ఆ సమావేశం రాత్రంతా సాగి, ఒక పూర్తి రోజును దాటింది. తీరా 2025 ఆగస్టులో ఒక జడ్జి ఆ అనుమతి చెల్లదన్నారు. బహిరంగ విచారణకు ముందు పత్రికలో వేయాల్సిన నోటీసు చట్టం చెప్పినట్టు వేయలేదన్నది అందులో ప్రధాన కారణం. దానిమీద అప్పీళ్లకు వెళ్లారు. అంత పెద్ద నిర్ణయం మొదట పడిపోయింది పేపర్లో ప్రకటన దగ్గర.

## డిల్లాన్ సూత్రం: అధికారం ఎక్కడి నుంచి వస్తుంది

అమెరికా రాజ్యాంగంలో కౌంటీ ప్రస్తావన లేదు. రాష్ట్రం పుట్టించిన సంస్థ అది. 1868లో అయోవా న్యాయమూర్తి జాన్ ఫారెస్ట్ డిల్లాన్ ఒక తీర్పులో చెప్పిన మాట ఇప్పటికీ చాలా రాష్ట్రాల్లో నడుస్తోంది. రాష్ట్రం స్పష్టంగా ఇచ్చిన అధికారాలు, వాటికి తప్పనిసరిగా కావాల్సిన అధికారాలు మాత్రమే స్థానిక సంస్థకు ఉంటాయి. అనుమానం వస్తే లేనట్టే. వర్జీనియా ఈ సూత్రాన్ని గట్టిగా పాటిస్తుంది. దీనికి ఎదురుగా ఉన్నది హోమ్ రూల్. రాష్ట్రం కాదన్నవి తప్ప మిగతావి చేసుకోవచ్చన్న ఏర్పాటు అది. కాలిఫోర్నియాలో కొన్ని కౌంటీలు సొంత చార్టర్, అంటే తమ పాలనకు మూలపత్రం, రాసుకుని కొంత వెసులుబాటు తెచ్చుకున్నాయి.

రెండు వైపులా న్యాయం ఉంది. కౌంటీకో చట్టం ఉంటే వ్యాపారాలు, ప్రజలు గందరగోళ పడతారు, చిన్న సంస్థలు స్తోమతకు మించిన ప్రయోగాలు చేస్తాయి అని డిల్లాన్ పక్షం అంటుంది. ఇక్కడి రోడ్డు, ఇక్కడి నీళ్లు మాకు తెలిసినట్టు రాజధానిలో కూర్చున్నవాళ్లకు తెలుస్తాయా అని హోమ్ రూల్ పక్షం అడుగుతుంది. నా మట్టుకు నాకు రెండో ప్రశ్న బరువుగా అనిపిస్తుంది, ఎందుకంటే పని చేయాల్సింది వాళ్లే. మొదటి వాదనకు సాక్ష్యాలు లేవని మాత్రం అనలేను. రెండు సాక్ష్యాలు కాసేపట్లో వస్తాయి.

## రేటు తగ్గింది, బిల్లు పెరిగింది: ఆస్తిపన్ను లెక్క

మా అన్నయ్య కొడుకు రెండో ప్రశ్న ఇది: "పేపర్లో పన్ను తగ్గించారని రాశారు, మరి నేను ఎక్కువెందుకు కడుతున్నాను?"

లౌడన్‌లో 2024లో ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకు 86.5 సెంట్ల పన్ను. 2025లో 80.5 సెంట్లు. తగ్గింపు నిజమే. ఇప్పుడు ఒక ఇల్లు 2024లో 7,00,000 డాలర్లనుకుందాం. పన్ను 6,055 డాలర్లు. మరుసటి ఏడు దాని విలువ 8 శాతం పెరిగి 7,56,000 అయిందనుకోండి. కొత్త రేటు మీద పన్ను 6,086 డాలర్లకు దగ్గర. రేటు ఆరు సెంట్లు తగ్గినా బిల్లు 30 డాలర్లు పెరిగింది. బోర్డు చెప్పిందీ అబద్ధం కాదు, ఇంటాయన బాధా అబద్ధం కాదు.

ఆ డబ్బు ఎటు పోతుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. వర్జీనియాలో స్కూల్ బోర్డుకి పన్ను వేసే అధికారం లేదు. బడుల స్థానిక ఖర్చంతా కౌంటీ బోర్డు చేతుల మీదుగానే వెళ్తుంది. టెక్సాస్‌లో స్కూల్ డిస్ట్రిక్టు విడిగా పన్ను వేస్తుంది. అందుకే ఫ్రిస్కోలో వచ్చే బిల్లులో స్కూలు వరస అన్నిటికంటే పెద్దది, కౌంటీ వరస చిన్నది. అక్కడ "కౌంటీ పన్ను మండిపోతోంది" అని తిట్టుకునేవాళ్లు చాలాసార్లు తిట్టాల్సింది వేరే వరసని.

పన్నుకి రాష్ట్రాలు తాళం వేస్తున్నాయి. బాగా పేరుపడ్డది కాలిఫోర్నియాది. 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ప్రకారం మూల పన్ను విలువలో 1 శాతం మించకూడదు. ఆ విలువ ఏడాదికి 2 శాతం కంటే పెరగకూడదు. ఇల్లు చేతులు మారినప్పుడో, కొత్తగా కట్టినప్పుడో మాత్రమే కొత్త విలువ కడతారు. ఫ్రీమాంట్‌లో పక్కపక్కనే రెండు ఒకేలాంటి ఇళ్లున్నాయనుకుందాం. ఒకరు 1995లో 2,00,000కి కొన్నారు. ఏటా 2 శాతం చొప్పున ముప్పై ఏళ్లకు పన్ను లెక్కలో అది సుమారు 3,62,000 అవుతుంది. పన్ను 3,620 డాలర్లు. పక్కింటిని ఈమధ్యే ఒక జంట 15,00,000కి కొన్నది. వాళ్ల పన్ను 15,000. అదే రోడ్డు, అదే బడి, అదే ఫైరింజన్. రిటైరైన పెద్దవాళ్లు ధరలు పెరిగాయని ఇల్లొదిలి పోనక్కర్లేకుండా ఇది కాపాడింది. కొత్తగా వచ్చేవాళ్ల నెత్తిన భారం మోపింది కూడా ఇదే.

టెక్సాస్ తాళం వేరు. 2019 చట్టం ప్రకారం, కొత్త కట్టడాలను మినహాయిస్తే, కౌంటీ నిర్వహణ కోసం వసూలు చేసే మొత్తం ఏడాదిలో 3.5 శాతం కంటే పెరగాలంటే ఓటర్లను అడగాలి. అంతకుముందు ఆ హద్దు 8 శాతం. పది కోట్ల డాలర్లు వసూలు చేసే కౌంటీ ఎన్నిక లేకుండా 10.35 కోట్ల దాకా వెళ్లొచ్చు. జీతాలు, ఉద్యోగుల వైద్య బీమా, జైలు ఖర్చు కలిపి 5 శాతం పెరిగితే కావాల్సింది 10.5 కోట్లు. పదిహేను లక్షలు తక్కువ పడ్డాయి. తాళం పెట్టినవాళ్లు, "అంత అవసరమైతే జనాన్ని అడగండి, ఒప్పుకుంటారు" అంటారు. కమిషనర్లు, "ఖర్చుల్లో సగం మీరు చట్టంతో రాసిచ్చినవే, వాటికి ఎన్నిక లేదు, ఆదాయానికి మాత్రం ఎన్నికా?" అంటారు. వాటికి వాళ్లలో ఒక పేరుంది: నిధులివ్వని ఆదేశాలు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్న మన సామెత ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

## డేటా సెంటర్లు: బంగారు గుడ్డు, దాని చప్పుడు

లౌడన్ పన్ను రేటు తగ్గించగలగడం వెనక ఉన్నవి డేటా సెంటర్లు. ఆష్‌బర్న్ చుట్టుపక్కల ప్రాంతాన్ని డేటా సెంటర్ ఆలీ, అంటే డేటా సెంటర్ల సందు, అంటారు. ప్రపంచంలో ఇవి ఇంత దట్టంగా ఉన్న చోటు మరొకటి లేదు. కిటికీల్లేని పెద్ద పెద్ద భవనాలు, వాటి పక్కన జనరేటర్ల వరసలు, ఆ వెనకే ఇళ్లు. రాత్రి కిటికీ తెరిస్తే ఫ్యాన్ల హోరు ఆగకుండా వినిపిస్తుందని దగ్గర్లో ఉండేవాళ్లు బోర్డు ముందు చెబుతూనే ఉన్నారు. మైకు ముందు ఒక్కొక్కరికి దొరికేది రెండు మూడు నిమిషాలు.

ఆదాయం రెండు రకాలుగా వస్తుంది. భవనం, స్థలం మీద మామూలు ఆస్తిపన్ను ఒకటి. లోపలి కంప్యూటర్ల మీద వేసే పన్ను రెండోది, పెద్దది. 2025లో ఆ రేటు ప్రతి 100 డాలర్ల విలువకు 4.15 డాలర్లు. బడులు నింపకుండా, రోడ్ల మీద కార్లు పెంచకుండా ఇంత పన్ను కట్టే పొరుగువాడు కౌంటీకి దొరకడు.

చిక్కు ఏమిటంటే సర్వర్ పాతబడుతుంది. కోటి డాలర్ల సర్వర్లు కొన్నారనుకుందాం. పన్ను కోసం మొదటి ఏడు కొన్న ధరలో 50 శాతం, తర్వాత 40, తర్వాత 30 విలువ కడతారనుకుందాం. పన్ను మొదట 2,07,500, తర్వాత 1,66,000, మూడో ఏడు 1,24,500. కంపెనీ కొత్తవి కొంటున్నంత కాలం ఇబ్బంది లేదు. ఒక రెండేళ్లు కొనడం ఆపిందంటే, టీచర్ల జీతాల్లో కోత పడుతుంది. అందుకే ఆదాయంలో ఎంత వాటా ఈ ఒక్క రంగం మీద ఆధారపడాలన్నది ఆర్థిక కమిటీలో ఏటా నలిగే ప్రశ్న.

చాలా ఏళ్లు అక్కడ కొన్ని జోన్లలో డేటా సెంటర్ కట్టడానికి బోర్డు అనుమతి అవసరం ఉండేది కాదు. నిబంధనలకు సరిపోతే సిబ్బంది స్థాయిలోనే ఆమోదం. దాన్ని హక్కుగా వచ్చే అనుమతి అంటారు. 2025 మార్చిలో బోర్డు ఆ వెసులుబాటు తీసేసింది. ఇప్పుడు ప్రతి కొత్త ప్రతిపాదన ప్లానింగ్ కమిషన్ ముందుకు, తర్వాత బోర్డు ముందుకు, రెండుచోట్లా బహిరంగ విచారణకు రావాలి.

ఇళ్లవాళ్లకు ఇది ఊరట. మాట చెప్పే అవకాశం మొదటిసారి దొరికింది. భూములున్నవాళ్లు మాత్రం నష్టపోయామంటున్నారు. ఆ హక్కు ఉందన్న నమ్మకంతోనే ఎకరం అంత ధరకు కొన్నామన్నది వాళ్ల వాదన, అది తీసిపారేసేది కాదు. రేపు నిబంధన మారదని తెలిస్తేనే వందల కోట్లు పెట్టగలమని పరిశ్రమ అంటుంది. ఇంకో మెలిక కూడా ఉంది. జనం ఎక్కువగా కోపగించుకునే హైటెన్షన్ కరెంటు లైన్ల మీద నిర్ణయం కౌంటీది కాదు, రిచ్‌మండ్‌లోని రాష్ట్ర కార్పొరేషన్ కమిషన్‌ది. సర్వర్ల కొనుగోలు మీద అమ్మకం పన్ను రాయితీ ఇచ్చింది కూడా రాష్ట్రమే. తిట్లు తినేది కౌంటీ కేంద్రమైన లీస్‌బర్గ్‌లో కూర్చున్న తొమ్మిదిమంది.

## ఆర్థిక కమిటీ అడగని ప్రశ్న: ఆరెంజ్, జెఫర్సన్

ఇందాక చెప్పిన సాక్ష్యాలు ఇవి. కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ సంపన్న ప్రాంతం. దాని ట్రెజరర్ రాబర్ట్ సిట్రన్ ఏళ్ల తరబడి ఇతర కౌంటీల కంటే ఎక్కువ రాబడి తెచ్చేవాడు. ఎలా అంటే, తక్కువ కాలానికి అప్పు తెచ్చి, వడ్డీ రేట్లు పెరగవన్న నమ్మకం మీద పందెం కాసి. 1994లో రేట్లు పెరిగాయి. సుమారు 160 కోట్ల డాలర్లు ఆవిరయ్యాయి. ఆ డిసెంబరులో కౌంటీ దివాలా పిటిషన్ వేసింది. అదే ఏడు ఎన్నికల్లో జాన్ మూర్లాక్ అనే అకౌంటెంట్ ఈ ప్రమాదం గురించి హెచ్చరిస్తూ సిట్రన్ మీద పోటీ చేసి ఓడిపోయారు. రాబడి వస్తున్నంతకాలం ఎలా వస్తోందని బోర్డూ అడగలేదు, ఓటరూ అడగలేదు. దివాలా తర్వాత ఆ కుర్చీలో మూర్లాక్‌నే కూర్చోబెట్టారు.

అలబామాలోని జెఫర్సన్ కౌంటీ కథ ఇంకా చిక్కుది. మురుగునీరు నదుల్లోకి వదలడం ఆపాలన్న కేసు 1996లో ఒప్పందంతో ముగిసింది. కాలవలు, ప్లాంట్లు బాగు చేయడానికి తెచ్చిన అప్పు, దాని చుట్టూ వడ్డీ మార్పిడి ఒప్పందాలు, లంచాలు కలిసి భారం మూడు వందల కోట్ల డాలర్లు దాటింది. అధికారులు జైలుకెళ్లారు. అదే సమయంలో కౌంటీకి ముఖ్య ఆదాయమైన వృత్తిపన్నును 2011లో కోర్టు కొట్టేసింది. మరో పన్ను వేసుకునే అధికారం కౌంటీకి సొంతంగా లేదు, శాసనసభ ఇవ్వలేదు. 2011 నవంబరులో దివాలా. తప్పు స్థానికులది. దాన్నుంచి తేరుకునే దారి మూసింది రాష్ట్రం. హోమ్ రూల్ కావాలనేవాళ్లు, వద్దనేవాళ్లు ఇద్దరూ ఇదే కౌంటీని ఉదాహరణగా చూపిస్తారు, ఇద్దరూ నిజమే చెబుతారు.

## జైలు గేటు దగ్గర ఆగిపోయే బీమా

ప్రిజన్ వేరు, జైలు వేరు. శిక్ష పడి ఏళ్ల తరబడి ఉండేవాళ్లు రాష్ట్ర, ఫెడరల్ ప్రిజన్లలో ఉంటారు. ఇంకా విచారణ తేలనివాళ్లు, చిన్న శిక్షలవాళ్లు కౌంటీ జైల్లో ఉంటారు. ఖైదీకి వైద్యం నిరాకరించకూడదని 1976లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ పేదలకు ప్రభుత్వ వైద్య బీమా ఇచ్చే, 1965 నుంచీ ఉన్న మెడికెయిడ్ చట్టం ఖైదీగా ఉన్నవారి వైద్యానికి మామూలుగా డబ్బివ్వదు.

సోమవారం రాత్రి ఒక పేద షుగర్ పేషెంటును అరెస్టు చేశారనుకుందాం. నేరం రుజువు కాలేదు. బెయిలుకి డబ్బు లేదు. సోమవారం పొద్దున దాకా అతని ఇన్సులిన్‌కి ఫెడరల్, రాష్ట్ర డబ్బు వచ్చేది. మంగళవారం నుంచి కౌంటీదే. పక్క సెల్‌లో ఉన్నవాడు బెయిలు కట్టి ఇంటికెళితే వాడి బీమా యథాతథం. మానసిక అనారోగ్యం, మత్తు వ్యసనం ఉన్నవాళ్ల విషయంలో ఈ ఖర్చు ఎన్నో రెట్లు. 2023 జనవరిలో కాలిఫోర్నియాకు ఒక మినహాయింపు దొరికింది, విడుదలకు ముందు 90 రోజుల్లో కొన్ని సేవలకు మెడికెయిడ్ ఇస్తుంది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. బీమా పూర్తిగా కొనసాగాలని కౌంటీలు అడుగుతున్నాయి. జైలు ఖర్చు పైవాళ్లు భరిస్తే అనవసరంగా జైల్లో పెట్టడం తగ్గించాలన్న ఒత్తిడి పోతుందని ఎదుటివాళ్ల భయం. నేరం రుజువు కాని మనిషి మందు ఆగిపోవడం మాత్రం నాకు ఏ లెక్కలోనూ సమంజసం అనిపించదు.

## వాషింగ్టన్‌కి వెళ్లే పది కమిటీలు

విడివిడిగా అరిస్తే వినబడదు కాబట్టి కౌంటీలు 1935లో జాతీయ సంఘం పెట్టుకున్నాయి. దానికి పది విధాన కమిటీలున్నాయి: వ్యవసాయం-గ్రామీణం, అభివృద్ధి-ఉపాధి, పర్యావరణం-ఇంధనం, ఆర్థికం-పెన్షన్లు, ఆరోగ్యం, మానవ సేవలు-విద్య, న్యాయం-భద్రత, ప్రభుత్వ భూములు, టెలికం-టెక్నాలజీ, రవాణా. వేరువేరు కౌంటీల సభ్యులు వీటిలో కూర్చుని తీర్మానాలు రాస్తారు. శాశ్వత వైఖరి ఒక పత్రంలో ఉంటుంది. అప్పటికప్పుడు తలెత్తిన విషయం మీద చేసే తీర్మానం మరుసటి వార్షిక సభ దాకానే చెల్లుతుంది, మళ్లీ కావాలంటే మళ్లీ పెట్టాలి.

భూముల కమిటీ ఎందుకో తూర్పు తీరంలో ఉన్నవాళ్లకు అర్థం కాదు. నెవాడాలో నై కౌంటీ నేలలో నూటికి తొంభైకి పైగా ఫెడరల్ ప్రభుత్వానిది. దానిమీద పన్ను వేయలేరు. బదులుగా 1976 చట్టం కింద కొంత పరిహారం వస్తుంది, అదీ ఏటా కాంగ్రెస్ దయ మీద. ఇలాంటి కౌంటీ, కోటిమంది ఉన్న లాస్ ఏంజెలెస్ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే వాక్యానికి ఒప్పుకోవాలి. ఎక్కువగా అందరూ ఒప్పుకునే వాక్యం ఒకటుంది: పని అప్పగిస్తే డబ్బు కూడా పంపండి.

## ఆహార సాయం: ఏప్రిల్లో రాసే పద్దు, అక్టోబరులో మారే వాటా

ఆ వాక్యం ఇప్పుడు గట్టిగా వినిపిస్తున్నది స్నాప్ విషయంలో, అంటే పేదలకు సరుకులు కొనుక్కోవడానికి కార్డు మీద ఇచ్చే ఫెడరల్ సాయం. పది రాష్ట్రాల్లో దీన్ని నడిపేది కౌంటీలే: కాలిఫోర్నియా, కొలరాడో, మిన్నెసోటా, న్యూజెర్సీ, న్యూయార్క్, నార్త్ కరొలైనా, నార్త్ డకోటా, ఒహాయో, వర్జీనియా, విస్కాన్సిన్. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు వీటిలో కొన్ని ఉన్నాయి. మన కుటుంబాల్లో ఈ కార్డు వాడేవాళ్లు తక్కువే కావచ్చు, దాని ఖర్చు పంపకం మాత్రం వాళ్లు కట్టే ఆస్తిపన్నులోకి వస్తుంది.

ఇప్పటిదాకా నడిపే ఖర్చులో సగం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది. 2025 జులై 4న సంతకమైన చట్టం ఆ వాటాను 2026 అక్టోబరు 1 నుంచి పావు వంతుకి తగ్గించింది. దరఖాస్తులు చూసే ఉద్యోగుల జీతం, కంప్యూటర్లు కలిపి ఖర్చు 100 డాలర్లనుకుందాం. 50 ఫెడరల్, 35 రాష్ట్రం, 15 కౌంటీ భరిస్తున్నాయనుకుందాం. ఇప్పుడు ఫెడరల్ 25 ఇస్తుంది. మిగిలిన 75ని రాష్ట్రం పాత నిష్పత్తిలోనే పంచితే కౌంటీ వాటా 22.5. పని పెరగలేదు, ఖర్చు ఒకటిన్నర రెట్లయింది. రాష్ట్రం తన వాటా పెంచుకోకపోతే కౌంటీ 40 పెట్టుకోవాలి.

అదే చట్టంలో ఇంకోటి ఉంది. 2027 అక్టోబరు నుంచి, చెల్లింపుల్లో తప్పుల రేటు 6 శాతం, అంతకు మించి ఉన్న రాష్ట్రాలు సాయం మొత్తంలోనే కొంత భరించాలి. తప్పుల్ని బట్టి 5, 10, 15 శాతం. తప్పు అంటే మోసం అని చాలామంది అనుకుంటారు. హోటల్లో పనిచేసే ఆమెకు ఈ నెల షిఫ్టులు పెరిగాయి, ఆ వివరం ఆలస్యంగా నమోదైంది, కొంత ఎక్కువ వెళ్లింది. అదీ తప్పే. ఇంకొకరికి అద్దె తక్కువ రాసుకుని సాయం తక్కువ ఇచ్చారు. అదీ తప్పుగానే లెక్కకొస్తుంది. చట్టాన్ని సమర్థించేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది: ఖర్చుపెట్టేవాడి జేబులోంచి కొంత పోతేనే జాగ్రత్త వస్తుంది. కౌంటీల జవాబు కూడా అంతే సూటిది: తప్పులు తగ్గాలంటే ఫైళ్లు చూసే మనుషులు కావాలి, మీరు కోసింది సరిగ్గా ఆ మనుషుల జీతాన్నే. పైగా 2027 జనవరికల్లా మెడికెయిడ్ తీసుకునేవాళ్లలో పనిచేసే వయసులో ఉన్న చాలామంది నెలకు 80 గంటల పనో, చదువో, సేవో చూపించాలి. వర్జీనియా లాంటి చోట ఆ కాగితాలు కూడా ఇదే కౌంటర్ దగ్గరికొస్తాయి.

క్యాలెండర్ కూడా కలిసిరాదు. వర్జీనియా కౌంటీల ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. లౌడన్‌లో అడ్మినిస్ట్రేటర్ ఫిబ్రవరిలో పద్దు ప్రతిపాదిస్తారు, బోర్డు ఏప్రిల్లో ఓటేస్తుంది. ఫెడరల్ సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది. కాబట్టి 2026-27 కౌంటీ పద్దులో మొదటి మూడు నెలలు పాత వాటా, తర్వాత తొమ్మిది నెలలు కొత్త వాటా. జూన్ 5న ఇంటి పన్ను మొదటి వాయిదా కట్టేవాళ్లు కట్టేది ఆ ఏప్రిల్లో ఖాయమైన రేటు మీదే.